వెనకవైపు దారి

క్లినిక్ వెనక గది, రక్తపరీక్షల బల్ల దగ్గర్నుంచి
ఫిబ్రవరి 9

మేకమ్మకి,

వదిన ఉత్తరం రాయడమేమిటి, ఫోను పాడైందా అనుకుంటున్నావు కదూ. పాడవలేదు. ఇంట్లో మాట్లాడదామంటే మీ అన్నయ్య పక్కనే ఉంటారు. క్లినిక్‌లో గోడలకే కాదు, దూది డబ్బాలకి కూడా చెవులున్నాయి. నువ్వేమో పొద్దస్తమానం లిఫ్టు గోతుల్లో ఉంటావు, అక్కడ ఫోను పలకదు. అందుకని కాగితం పట్టాను. రోజుకి అరవై మందికి సూది గుచ్చే చెయ్యి ఇది, అక్షరాలు వంకరపోతే సర్దుకో.

విషయం ఏమిటంటే, నాకు కొండలెక్కడం నేర్చుకోవాలని ఉంది.

నవ్వు. నవ్వడం అయ్యాక మిగతాది చదువు. ఆదివారం తెల్లారకుండానే మీ అన్నాచెల్లెళ్ళిద్దరూ సంచులు తగిలించుకుని బయల్దేరుతుంటే, దుప్పటి ముసుగులోంచి "తలుపు దగ్గరికి లాగి వెళ్ళండి" అని గొణిగిన మనిషిని నేనే. మేడ మీద బట్టలు ఆరేసి వచ్చి ఆయాసపడే మనిషినీ నేనే. అయినా ఇప్పుడు కావాలి. ఎందుకని అడక్కు. నలభై దాటాను, షుగరు నన్ను పట్టుకోకముందే నేను నడక పట్టుకోవాలి అనుకో.

కొండలెక్కే కదా మేక అని పేరు తెచ్చుకున్నావు, నువ్వే చెప్పు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఎంత దూరం? సంచిలో ఏముండాలి? అటక మీద నీ పాత బూట్లు దొరికాయి. వేసి చూస్తే అచ్చంగా నా కొలతే. వేసుకోనా?

మీ అన్నయ్యకి మాత్రం ఇప్పుడే చెప్పకు.

వదిన

*

లిఫ్టుల కంపెనీ షెడ్డు, భోజనాల వేళ
ఫిబ్రవరి 17

వదినా,

నువ్వు నవ్వమన్నావని నవ్వలేదు, నా అంతట నేనే నవ్వాను. పక్కన టిఫిన్ డబ్బా తెరుస్తున్న మేస్త్రీ "ఏంటమ్మా, జీతం పెరిగిందా?" అన్నాడు. "మా వదిన కొండెక్కుతుందట" అన్నాను. ఆయనకి నువ్వు తెలీదు కాబట్టి నవ్వలేదు.

ఈ ఊళ్ళో నేలంతా పీట వేసినట్టు చదునుగా ఉంటుంది. నాలుగేళ్ళయింది నేను కొండ చూసి. ఎత్తుకి వెళ్ళాలంటే నేను బాగుచేసిన లిఫ్టే నాకు గతి. పదిహేడో అంతస్తు మీద మోటారు గదిలో నిలబడితే ఇంకో పదిహేడు అంతస్తుల మేడ కనిపిస్తుంది. అంతే. నువ్వేమో కిటికీ తెరిస్తే చాలు ఏడు కొండలు కనిపించే చోట ఉండి, పన్నెండేళ్ళు తెర వేసుకుని పడుకున్నావు.

సరే, చెబుతా విను. మొదట నీళ్ళ ట్యాంకు గుట్ట. అదే, రోడ్డు చివర ఉన్నది. వారానికి మూడు రోజులు, ఎక్కి దిగడమే. రెండు వారాలు దాన్ని దాటి వెళ్ళొద్దు. ఎక్కేటప్పుడు చిన్న అడుగులు వెయ్యి, నడుస్తూ మాట్లాడగలిగినంత నెమ్మదిగా వెళ్ళు. మాట తెగిపోతోందంటే వేగం ఎక్కువైందన్నమాట. నువ్వు మాట్లాడకుండా ఉండలేవు కాబట్టి నీకు ఈ కొలత బాగా కుదురుతుంది. కాలిగోళ్ళు కత్తిరించుకో, లేకపోతే దిగేటప్పుడు బొటనవేలు నల్లబడుతుంది. దిగేటప్పుడు మోకాళ్ళు బిగబట్టకు. దాహం వెయ్యకముందే నీళ్ళు తాగు. ఎక్కడికి వెళ్తున్నావో, ఎన్నింటికి వస్తావో ఒకరికి చెప్పి వెళ్ళు. అన్నిటికంటే ముఖ్యం, వెనక్కి తిరగాల్సిన టైము ముందే అనుకో. ఆ టైమైతే శిఖరం నాలుగడుగుల దూరంలో ఉన్నా సరే, తిరిగి రావడమే. ఇది అన్నయ్య నాకు పన్నెండేళ్ళప్పుడు నేర్పిన పాఠం.

బూట్లు వద్దు. ఎవరి కాలికి అలవాటైన బూటు వాళ్ళకే పనికొస్తుంది, కొత్తవి కొనుక్కో. నావి అటక మీదే ఉండనీ.

మేక

*

వంటింటి గట్టు మీద నుంచి
మార్చి 28

మేకమ్మా,

ట్యాంకు గుట్ట నన్ను మొదటి రోజే ఓడించింది. సగంలో కూర్చుండిపోయాను. ఒక ముసలాయన కర్ర పట్టుకుని నన్ను దాటి వెళ్ళాడు, పైకి చేరాడు, దిగివస్తూ "ఇంకా ఇక్కడే ఉన్నావా తల్లీ?" అన్నాడు. క్లినిక్‌లో అదే ముసలాయన సూది చూసి కళ్ళు మూసుకుంటాడు. ఈసారి వస్తే లావుపాటి సూది తీద్దామనుకున్నాను.

కానీ మూడో వారానికి ఆగకుండా ఎక్కాను. నాలుగో వారం గుట్ట దాటి, మీరిద్దరూ బోడికొండ అంటారే, అది ఎక్కాను. పైన గాలి చెవుల్లో దూరి జుట్టంతా చెదరగొట్టింది. ఎవరూ లేరు కదా అని గట్టిగా అరిచాను. ఏమని అరిచానో చెప్పను.

మీ అన్నయ్యకి చెప్పేశాను. దాగలేదు, కొత్త బూట్లు గుమ్మంలోనే పట్టించాయి. మొదట నమ్మలేదు. తర్వాత ఒక ఆదివారం "నేనూ వస్తాను, నువ్వు ముందు నడువు, నేను వెనక వస్తా" అన్నారు. అప్పట్నుంచి ఇద్దరం వెళ్తున్నాం. బోడికొండ పైన పడమటి వైపు ఒరిగిన బండ ఉంది చూశావా, దాని నీడలో కూర్చుని ఉడకబెట్టిన గుడ్లు తిన్నాం. ఆయన చిన్నప్పటి సంగతులు చెప్పుకొచ్చారు. పొగమంచులో నువ్వు తప్పిపోవడం, విజిల్ ఊదుకుంటూ ఆయన నిన్ను వెతకడం. పన్నెండేళ్ళ కాపురంలో నాకు ఒక్కసారి కూడా చెప్పని కబుర్లు. మనిషి ఇంట్లో ఒకలా, ఎత్తు మీద ఒకలా ఉంటారని నాకు ఇప్పుడే తెలిసింది.

అన్నట్టు, బూట్ల విషయంలో నువ్వు చెప్పింది నిజం. బొటనవేలు మాత్రం నల్లబడింది.

నీ వదిన

*

షెడ్డు
ఏప్రిల్ 8

వదినకి,

సంతోషం.

పొగమంచులో తప్పిపోయింది నేను కాదు, అన్నయ్య. విజిల్ ఊదింది నేను. ఇన్నేళ్ళ తర్వాత కథ తిరగేసి చెబుతున్నాడంటే వింటున్నవాళ్ళకి నిజం తెలీదన్న ధైర్యం. ఆ ఒరిగిన బండ నీడలో మేం కూర్చోవడం మొదలుపెట్టినప్పుడు నీ పెళ్ళి కాలేదు, నువ్వెవరో మాకు తెలీదు. కూర్చోండి, తప్పేముంది. కొండలేమైనా మా పేరున రాసి ఉన్నాయా.

అన్నయ్య వెనక నడుస్తున్నాడా? నా ఎరుకలో ఆయన ఎవరి వెనకా నడవలేదు. నేను ఎంత పరిగెత్తినా ముందు ఆయన వీపే కనిపించేది. ఆయన నాకు ఫోను చేసి నెలన్నర అయింది. నేను చేస్తే రెండు మాటలు మాట్లాడి "ఉంటానే" అంటున్నాడు. ఇప్పుడు అర్థమైంది, కబుర్లన్నీ బండ దగ్గర అయిపోతున్నాయి.

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. నాలుగేళ్ళు దూరంగా ఉంటే ఆ సగం కూడా పోతుంది కాబోలు.

బోడికొండ అయిపోయింది కాబట్టి ఇక ఒంటెకొండ ఎక్కు. రెండు మూపురాలున్నది. అందరూ వెళ్ళే ముందు దారి మెట్లు మెట్లుగా ఉండి మోకాళ్ళు పీకేస్తుంది. వెనకవైపు ఒక దారి ఉంది, పాడుబడ్డ రాతి క్వారీ పక్కనుంచి ఎడమకి తిరగాలి. నీడ ఉంటుంది, తేలిక. నీలాంటి కొత్తవాళ్ళకి అదే మంచిది. అన్నయ్యకి ముందే చెప్పకు, అక్కడికి తీసుకెళ్ళి ఆశ్చర్యపరుచు.

మేక

*

ఆసుపత్రి వరండా బల్ల మీద నుంచి
మే 6

ఏమని పిలవాలో తెలీక పిలుపు లేకుండానే రాస్తున్నాను.

నువ్వు చెప్పిన దారిలో వెళ్ళాం. క్వారీ దగ్గర ఎడమకి తిరగ్గానే మీ అన్నయ్య ఆగిపోయారు. "ఇటా? ఈ దారి ఎవరు చెప్పారు?" అన్నారు. ఆశ్చర్యపరచమన్నావు కదా, "క్లినిక్‌కి వచ్చే ఒకాయన చెప్పాడు" అన్నాను. "మేం వెళ్ళి చాలా ఏళ్ళయింది. బాగు చేశారేమో. సరే, నువ్వు నడువు" అన్నారు.

బాగు చెయ్యలేదు. గంట నడిచాక చెట్లు అయిపోయాయి. ఏటవాలు, దాని నిండా పిడికిలంత రాళ్ళు. కాలు పెడితే రాళ్ళతో పాటు కాలూ కిందికి పోతోంది. నేను కూర్చుని, చేతుల మీద పాకి, ఏడుస్తూ దాటాను. అటు చేరి వెనక్కి చూశాను. మీ అన్నయ్య సగంలో ఉన్నారు. ఎడమ పక్కన అంచు ఉంది, నాకు కనిపిస్తోంది. ఆయన సరిగ్గా దాని మీదే అడుగు వేశారు. "ఎడమకి వద్దు!" అని నేను అరిచే లోపు జారిపోయారు. ముగ్గురు మనుషుల ఎత్తు కింద ఒక పొద ఆపింది.

ఎడమ మణికట్టు విరిగింది. తలకి దెబ్బ తగల్లేదు. నా దగ్గర దుప్పట్టా, నీళ్ళ సీసా, రోజూ జనం చేతులు పట్టుకునే అలవాటు ఉన్నాయి కాబట్టి కట్టు కట్టగలిగాను. కిందికి దింపడానికి నాలుగు గంటలు పట్టింది. నేను ముందు, ఆయన కుడి చెయ్యి నా భుజం మీద. "ఇక్కడ మోకాలెత్తు రాయి. ఇప్పుడు కుడి పాదం. ఇక్కడ ఏమీ లేదు, ఆగండి." ఒక్కో అడుగూ పేరు పెట్టి చెప్పాను. క్లినిక్‌లో అంటానే, "చురుక్కుమంటుంది, అంతే", ఆ మాట కూడా అలవాటుగా అనేశాను. ఆయన అంత నొప్పిలోనూ నవ్వారు.

ఇప్పుడు నేను దాచింది విను. మీ అన్నయ్యకి చూపు పోతోంది. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, గొట్టంలోంచి చూసినట్టు. పక్కలు కనిపించవు, కాళ్ళ దగ్గర ఏముందో కనిపించదు. తన అద్దాల కొట్లో మూడు నిలువుటద్దాలు తగిలి పగిలాక డాక్టరు దగ్గరికి వెళ్ళాం. గొట్టం ఇంకా సన్నబడుతుందన్నాడు. ఎంత కాలానికో చెప్పలేనన్నాడు. ఇప్పుడు ఆయన గాజు కొయ్యడం మానేశారు, పటాలకి చట్రాలు మాత్రమే బిగిస్తున్నారు. కొండలు కూడా మానేస్తానన్నారు. ఆదివారాలు ఆ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, కొండలకి వీపు తిప్పుకుని రేడియో వినేవారు. ఆ వీపు చూడలేక నీకు ఫిబ్రవరిలో ఉత్తరం రాశాను. నేను ముందు నడిస్తే ఆయన నా వెనక రాగలరు కదా అని.

నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. "దానికి చెబితే ఉద్యోగం వదిలేసి పరిగెత్తుకొస్తుంది. అది సూపర్వైజరు కావాలి" అన్నారు. ఫోన్లో ఎక్కువ మాట్లాడితే నోరు జారుతుందని "ఉంటానే" అని పెట్టేసేవారు. బండ దగ్గర కబుర్లు అయిపోయి కాదు.

ఇప్పుడు నా ప్రశ్న ఒక్కటే. ఆ రాళ్ళ సంగతి నీకు తెలుసా? తెలిసే రాశావా?

నువ్వు ఊరు వదిలేదాకా ఎనిమిదేళ్ళు మీ ఇద్దరి సంచులూ చూసి నేను ఎంత కుళ్ళుకున్నానో నీకు తెలీదు. సాయంత్రం మట్టి కాళ్ళతో వచ్చి, నాకు అర్థం కాని పేర్లతో మాట్లాడుకుంటూ నవ్వుకునేవారు. నా మొగుడు నా ఇంట్లో నాకు అతిథిలా ఉండేవాడు. నేను నిద్రపోయేదాన్ని కాదు, ముసుగులో మెలకువగా పడుకునేదాన్ని. ఒక్కరైనా "నువ్వూ రా" అంటారేమోనని. ఒక్కసారీ అనలేదు. అయినా నేను మీకు తప్పు దారి చెప్పలేదు.

*

గది, మంచం మీద నుంచి
మే 13

వదినా,

తెలుసు. తెలిసే రాశాను.

పందొమ్మిదేళ్ళప్పుడు ఆ రాళ్ళ మధ్యలో నేను కదల్లేక ఏడిస్తే అన్నయ్య వెనక్కి వచ్చి చెయ్యి పట్టుకుని దాటించాడు. ఆ తర్వాత మేమిద్దరం మళ్ళీ ఆ వైపు వెళ్ళలేదు. అంత బాగా తెలుసు. తేలిక అని రాసి, కవరంటించి, మళ్ళీ పనిలోకి దిగాను. నీకు భయం వేస్తుంది, ఏడుస్తావు, వెనక్కి తిరుగుతావు, ఇక కొండల జోలికి రావు అనుకున్నాను. అన్నయ్యకి ఏమీ కాదనుకున్నాను, ఆయన కొండమేక కంటే నయం కదా. నీకేదైనా అవుతుందేమో అని కూడా అనుకోవాల్సింది. అనుకోలేదు. అది దాచి ఉత్తరం రాస్తే ఇది ఇంకో అబద్ధం అవుతుంది.

నీ ఉత్తరం డ్యూటీలో చదివాను. లిఫ్టు తొమ్మిదో అంతస్తుకీ పదో అంతస్తుకీ మధ్య ఆపి, దాని కప్పు మీద కూర్చుండిపోయాను. కింద జనం బటన్ నొక్కుతున్నారు. మేస్త్రీ పైనుంచి టార్చి వేసి "ఏమైందమ్మా?" అన్నాడు. "మా అన్నయ్య పడ్డాడు" అన్నాను. "ఎవరైనా తోశారా?" అన్నాడు, ఏదో మామూలుగా అడిగినట్టు.

నిన్ను చూసి కడుపు మండింది వదినా. బూట్లు నీ కాలికి సరిపోయాయన్నప్పుడే మొదలైంది. నాకు పెళ్ళి లేదు, ఇల్లు లేదు, ఈ చదునైన ఊళ్ళో నాదంటూ ఉన్నది ఒక్కటే, అన్నయ్యతో తిరిగిన కొండలు. దాన్నీ నువ్వు తీసుకుంటున్నావనిపించింది. నువ్వు ముసుగులో మెలకువగా ఉన్నావని నాకు తెలీదు. తెలుసుకోవాలనీ అనుకోలేదు. నువ్వు లేస్తే నా ఆదివారం పోతుంది కదా.

ఇంకోటి కూడా చెప్పేస్తాను, ఎలాగూ పరువు పోయింది. ఆయన చూపు పోతోందని చదివినప్పుడు ఏడుపు వచ్చింది. ఆ వెంటనే, ఏడుపు ఆగకుండానే, "నాకు చెప్పకుండా దానికి చెప్పాడా" అనిపించింది. భార్యకి కాక ఎవరికి చెబుతాడు? అయినా అనిపించింది. ఇంత చెడ్డదాన్ని.

రమ్మంటే వస్తాను. వద్దంటే రాను. అన్నయ్యకి ఈ ఉత్తరం చదివి వినిపించు.

మేక

*

వంటింటి గట్టు
జూన్ 20

మరదలికి,

నెల దాటింది జవాబు రాయక. కోపంతోనే రాయలేదు, పని ఎక్కువై కాదు.

చదివి వినిపించాను. మీ అన్నయ్య మూడు రోజులు మాట్లాడలేదు. నాతో కూడా. క్లినిక్కాయన చెప్పాడని నేను అబద్ధమాడినందుకు కూడా కలిపి అన్నమాట. నాలుగో రోజు చట్రం బిగిస్తూ బిగిస్తూ, "మేకల్ని కట్టేసి పెంచితే పొడుస్తాయి, దాన్ని రమ్మను" అన్నారు. తర్వాత కొట్టు వెనక్కి వెళ్ళి చాలాసేపు ముక్కు చీదారు.

క్షమించావా అని నన్ను అడక్కు. అడిగితే లేదంటాను. రా. కానీ ఉద్యోగం వదిలి రాకు, సెలవు పెట్టి రా. మీ అన్నయ్య చెయ్యి కట్టు జులైలో విప్పుతారు. ఒంటెకొండ ముందు దారిలో వెళ్దాం. నేను ముందు నడుస్తాను. ఆయన చెయ్యి నా భుజం మీద ఉంటుంది. నువ్వు వెనక రావాలి. ఆయన తడబడినా సరే, నేను పిలిస్తే తప్ప నువ్వు ముందుకి రాకూడదు. కుదురుతుందా నీకు? కుదరకపోతే ఇప్పుడే చెప్పు.

వదిన

*

రైల్లో కొంత, షెడ్డులో కొంత
ఆగస్టు 11

వదినా,

రైలెక్కేటప్పుడు నువ్వు కిటికీలోంచి అరటిపళ్ళు ఇచ్చావు, తీసుకున్నాను. అన్నయ్య మన మధ్యలో నిలబడి తల అటూ ఇటూ టార్చిలైటులా తిప్పుతూ ఇద్దర్నీ చూస్తున్నాడు. అప్పుడు అనలేనిది ఇప్పుడు రాస్తున్నాను.

మీ ఇద్దరి వెనకా నడవడం నేను చేసిన పనుల్లో చాలా కష్టమైనది. పదిహేడు అంతస్తుల గోతిలో తాడుకి వేలాడటం దాని ముందు ఆట. రెండో మలుపు దగ్గర ఆయన పాదం తడబడితే నా చెయ్యి దానంతట అదే లేచింది. నువ్వు వెనక్కి తిరగకుండానే "పర్వాలేదు, నేను చూశాను" అన్నావు. ఆయనతో అన్నావో నాతో అన్నావో తెలీదు. చెయ్యి దించుకున్నాను.

పైన కూర్చున్నాక ఆయన, వెనకటి రోజుల్లో శిఖరం మీద నన్ను అడిగినట్టే, "మేకా, కుడి పక్కన ఏముంది?" అన్నాడు. నోరు తెరిచాను. అవతలి కొండల వరస, లోయ, వాగు, అన్నీ నాలుక మీద ఉన్నాయి. నువ్వు నీళ్ళ సీసా మూత తిప్పుతూ నా వంక చూస్తున్నావు. "వదినని అడుగు" అన్నాను. నువ్వు కళ్ళు చిట్లించుకుని, "ఎవరో డాబా మీద పరుపు ఎండేశారు. దాని మీద కుక్క పడుకుంది. ఇంటావిడ చూసుకోలేదు. ఇదిగో, చూసింది, చీపురు తెస్తోంది" అన్నావు. అన్నయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇన్నేళ్ళు నేనాయనకి లోయలూ శిఖరాలూ చూపించాను. ఒక్కసారి కూడా అలా నవ్వలేదు. నాకు ఎంత మండిందో చెప్పలేను. అయినా ఆ కుక్క ఎక్కడుందా అని నేనూ వెతికాను.

దిగేటప్పుడు సంగతి మాత్రం నీకు చెప్పాలి. వాన పడి ఆ మూడో మెట్టు రాయి నున్నగా అయింది, నువ్వు దాని ముందు ఆగిపోయావు. ఆయన చెయ్యి నీ భుజం మీద ఉంది, నువ్వు జారితే ఇద్దరూ పోతారు. బూటు మొనతో రాయిని తడిమి చూశావు. తర్వాత, "మేకమ్మా, ఇక్కడ పాదం ఎక్కడ పెట్టను?" అన్నావు.

అడిగాక వెనక్కి తిరిగి నా మొహం చూశావు. దీని మాట నమ్మొచ్చా లేదా అని నువ్వు లెక్క వేసుకోవడం నాకు కనిపించింది. తప్పు పట్టను, నేనైనా అలాగే చూస్తాను. "ఎడమ పక్కన నల్లటి పగులు ఉంది, మడమ అందులో పెట్టు, బరువు వెనక్కి వెయ్యకు" అన్నాను. నువ్వు మడమ పగుల్లో పెట్టావు. నిలబడ్డావు. తర్వాత ఆయనకి అదే మాట చెప్పావు, నేను చెప్పింది చెప్పినట్టు, ఒక్క ముక్క మార్చకుండా. ఆయన దిగాడు.

మీరు రోడ్డు మీదికి చేరాక నేను బూటు లేసు కట్టుకునే వంకతో వెనకే ఉండిపోయాను. ఏడ్చి వచ్చాను. అడగలేదు నువ్వు, మంచిపని చేశావు.

నిన్న సూపర్వైజరు ఉద్యోగం కాగితం చేతికిచ్చారు. అన్నయ్యకి నువ్వే చెప్పు. ఇక రెండు నెలలకొకసారి నాలుగు రోజులు సెలవు దొరుకుతుంది. మిగతా ఆదివారాలు మీ ఇద్దరివీ. ఆ ఆదివారాల్లో నేను ఇక్కడ ఈ చదునైన నేల మీద కూర్చుని, ఇప్పుడు ఎంతవరకు ఎక్కి ఉంటారో, ఏం చూసి నవ్వుతున్నారో అని గడియారం చూస్తాను. కుళ్ళుకుంటాను వదినా. అది పోయిందని రాస్తే నీకు హాయిగా ఉండేది. కానీ నీకు ఒకసారి అబద్ధం రాశాను, మళ్ళీ రాయను.

మేక